మూగాకు

మా బావ పరువు నడిబజార్లో పెట్టాలని నేను నిర్ణయించుకున్నది ఒక ఆదివారం ఉదయం, అతని హోటల్‌వాళ్ళు అచ్చు వేయించిన కార్డు నా చేతికి వచ్చినప్పుడు. కార్డు మీద అతని ఫొటో ఉంది. ఒక ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈ లోకంతో పని లేనట్టు నిలబడ్డాడు. కింద నాలుగు వాక్యాలు. ఈ నగరంలో ఎవరికీ తెలియని ఆకు ఒకదాన్ని తాను ఏళ్ళ తరబడి వెతికి కనిపెట్టాడట. ఆ వెతుకులాటలో అతనికి దారి చూపింది అతని ముక్కేనట. చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ ఆకును కనిపెట్టింది నేను. ఆ ముక్కు పనిచేయడం మానేసి ఆరేళ్ళయింది.

నేను ఆకులు వెతికే మనిషిని. కొత్తిమీర, పుదీనా కావాలంటే మార్కెట్లో కుప్పలుంటాయి, దానికి నేనక్కర్లేదు. కానీ పెద్ద హోటళ్ళ వంటవాళ్ళకి పక్క హోటల్లో లేనిది కావాలి. వాళ్ళ కోసం ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరంతా తిరుగుతున్నాను. వెనక తలుపుల దగ్గర నన్ను ఆకులక్క అంటారు. ఇంత పెద్ద ఊళ్ళో సిమెంటు తప్ప ఏముంది అనుకుంటారు జనం. ఆకులు అలా అనుకోవు. ఏసీ డబ్బా నీళ్ళు బొట్లు బొట్లుగా పడే చోట ఒకటి మొలుస్తుంది, రైలు పట్టాల కంకరలో ఒకటి మొలుస్తుంది. ఎక్కడి నుంచో వచ్చి మూడో అంతస్తులో అద్దెకుంటున్న ముసలాయన, తన ఊరి మొక్కను నూనె డబ్బాలో పెట్టి బాల్కనీలో పెంచుకుంటూ ఉంటాడు. అలాంటి తలుపులు ఎన్నో తట్టాను. తిట్లు తిన్నాను, రెండుసార్లు కుక్క కాటూ తిన్నాను. నిమ్మవాసన వేసే మరువం ఒక బ్యాంకు డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో దొరికింది. దాని కోసం ఆ బ్యాంకులో ఖాతా తెరవాల్సి వచ్చింది.

మా పనిలో నియమాలు రెండే. మూడు కాడలుంటే ఒకటి కొయ్యాలి, రెండు వదిలేయాలి, వేరు జోలికి పోకూడదు. ఇది మొదటిది. కోసిన ఆకు నలగకూడదు, తడిగుడ్డ కప్పి తినేవాళ్ళ దాకా చేర్చాలి, నలిపేది తినేవాళ్ళే అయి ఉండాలి. ఇది రెండోది. ఎందుకంటే కొన్ని ఆకులు తమ వాసన ఒక్కసారే ఇస్తాయి. వంటింట్లోనే నలిపేస్తే బల్ల దగ్గరికి చేరేసరికి మిగిలేది గడ్డి.

రెండువాసనల ఆకు అలాంటిదే. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఐసు ఫ్యాక్టరీ వెనక, వేడినీళ్ళు పోయే కాలవకీ చల్లటి గోడకీ మధ్య జానెడు మట్టి ఉంది. అక్కడ దొరికింది నాకు, పదకొండు మొక్కలు. సన్నటి ఆకు, అంచున రంపంపళ్ళు, అడుగున వంకాయరంగు. నలిపితే ముందు నిమ్మ వాసన, ఊపిరి తీసుకుని మళ్ళీ చూస్తే సోంపు. దాన్ని గుర్తుపట్టడానికే నాకు మూడేళ్ళు పట్టింది. ఎందుకంటే అచ్చం దానిలాగే ఉండే ఇంకో ఆకు ఊరంతా గోడల పక్కన బలిసిపోయి ఉంటుంది. అదే రంపం, అదే వంకాయరంగు. నలిపితే మాత్రం ఏమీ రాదు. తింటే ఏమీ కాదు, మేకలు కూడా తింటాయి. దాన్ని మూగాకు అంటాను. నలపకుండా ఆ రెండింటికీ తేడా చెప్పడం నా తరం కూడా కాదు.

బావంటే మా అక్క మొగుడు. ఊళ్ళో పేరున్న హోటల్‌కి పెద్ద వంటమాస్టరు. పేపర్లవాళ్ళు ముక్కు మాస్టరంటారు. సొంత బావే కదా అని ఆ జానెడు మట్టి దగ్గరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. రెండు నియమాలూ చెప్పాను. రెండోది అతనికి తెగ నచ్చింది. నెల తిరక్కముందే "ఆకును తాకే హక్కు అతిథికే" అని టీవీలో డబ్బా కొట్టుకున్నాడు. మొదటిది చెవికెక్కలేదు. అతను టీవీలో కనబడిన పదకొండో రోజు కొయ్యడానికి వెళ్తే అక్కడ మొక్కల్లేవు, గుంటలున్నాయి. బూటు గుర్తులున్నాయి. ఫ్యాక్టరీ కాపలాదారు నన్ను చూసి, "మీ బావగారే కదమ్మా మనుషుల్ని తెచ్చింది! మీరే పంపారనుకున్నా" అన్నాడు.

పదకొండు మొక్కల్నీ మట్టితో సహా పెళ్ళగించి, హోటల్ డాబా మీద అద్దాల గదిలో పాతాడు. నాలుగు నెలలు కోసుకున్నంత కోశాడు, పేరు తెచ్చుకున్నాడు, వచ్చినవాళ్ళందరికీ తన ముక్కు కథ వినిపించాడు. కాళ్ళకింద ఆ కాలవ వేడి లేక ఒక్కొక్కటే ఎండిపోయాయి. నా దగ్గర ఒకే ఒక్క కుండీ మిగిలింది. మొదట్లో కోసిన కాడనే గుచ్చి, మా అపార్ట్‌మెంటు బట్టలుతికే గదిలో వేడినీళ్ళ గొట్టం పక్కన పెట్టి బతికించుకున్నాను. ఆ సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంక ముక్కు సంగతి. ఆరేళ్ళ క్రితం బావకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్క గదిలో హాయిగా పేపరు చదువుకుంటున్నాడట. అప్పటి నుంచీ అతని ముక్కు మా అక్కే. వంటింట్లో పక్కనే నిలబడుతుంది. గిన్నె అంచు మీద గరిటెతో ఒకసారి తడితే బాగుందని, రెండుసార్లు తడితే బాగాలేదని. ఇది చూసి కుర్ర వంటవాళ్ళంతా ఆవిడ గరిటె దులుపుకుంటోంది అనుకుంటారు. ఇంత చేస్తున్న మనిషిని అతిథుల ముందు ఏమంటాడో తెలుసా? "మా ఆవిడకి ముక్కు లేదండీ, పాలు మాడినా తెలీదు. మా ఇంట్లో ముక్కు ఒక్కటే, అది నాది." అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది. నేను నవ్వను. నాకు అక్క పోలిక రాలేదు, కోపమంతా ముక్కు మీదే ఉంటుంది.

కార్డు చేతికొచ్చిన నాలుగో రోజు అక్క మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది. ఏదో అడగలేక అడగబోతోందని అప్పుడే తెలిసిపోయింది.

"ఆయన పంపారే," అంది.

"ఆయనకి కాళ్ళు కూడా పోయాయా?"

"అబ్బా, మొదలెట్టకే. శనివారం మధ్యాహ్నం వంటవాళ్ళ సంఘం భోజనం మా హోటల్లోనే. వంటల కాలేజీ ప్రిన్సిపాలమ్మ వస్తోంది. ఆవిడ దిగిపోతోంది, తన కుర్చీ ఎవరికివ్వాలో ఆ రోజే చెబుతుందట. పోయినసారి వచ్చినప్పుడు ఆ ఆకు తిని మైమరిచిపోయింది. మళ్ళీ అదే కావాలంది. డాబా మీద ఒక్క మొక్క లేదు."

"పెళ్ళగించేటప్పుడు తెలీలేదా?"

"నీ కుండీ సంగతి నేనే చెప్పాను," అంది తల దించుకుని. "చెప్పకపోతే రోజంతా నా మీద అరుస్తున్నాడే. ఇరవై నాలుగు ఆకులు చాలు. వాసన చూసుకోడానికి ఇంకోటి."

అక్క మీద కూడా కోపం వచ్చింది. నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకున్న చేతి వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు రెండు, కొత్తది ఒకటి. అతనికి వాసన తెలియక పెనాల మీద వదిలేసినవన్నీ దించేది ఆవిడే. నా కోపం అక్క మీద నుంచి దిగి తన అసలు చోటికి వెళ్ళిపోయింది.

"కార్డు మీద నా పేరు వేస్తాడా?" అని అడిగాను.

"అడిగాను. 'నీ చెల్లెలు కూలికి కోసుకొచ్చే మనిషి, కూలివాళ్ళ పేర్లు కార్డుల మీద వేస్తారా' అన్నాడు."

"సరే," అన్నాను. "శనివారం పొద్దున నేనే తెస్తానని చెప్పు."

అక్క నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఇంత తొందరగా ఒప్పుకుంటే అనుమానం రాదూ మరి. కానీ గ్లాసు కడిగిపెట్టి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లవారగానే ఒక పాత గిడ్డంగి గోడ పక్కకి వెళ్ళాను. మూగాకు మోకాలెత్తున పెరిగి ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని తిట్టుకుంటూ దాటిపోయేదాన్ని, ఎన్నిసార్లు మోసపోయానో లెక్కే లేదు. ఆ రోజు మాత్రం కూర్చుని ఒక్కో ఆకూ ముద్దుగా ఏరాను. అంచులు సమంగా ఉన్నవి, పురుగు కొరకనివి, వంకాయరంగు నిండుగా దిగినవి. ఇరవై ఐదు. మూడు కాడలకొకటే కోశాను. పగ తీర్చుకోవడానికి వెళ్ళినా అలవాటు పోలేదు. ఒక్కోటీ తడిగుడ్డలో పరుస్తుంటే పెళ్ళికి వెళ్తున్నంత హుషారుగా ఉంది నాకు, అబద్ధమెందుకు.

మీకు అనుమానం రావచ్చు, అక్క వాసన చూస్తుంది కదా అని. నాకూ వచ్చింది. రాత్రంతా దాని గురించే ఆలోచించాను. అక్క పట్టుకుంటే, "అయ్యో పొరపాటైంది" అని నెత్తి కొట్టుకుంటాను. కావాలనే ఆలస్యంగా వెళ్తాను కాబట్టి అప్పటికి భోజనానికి గంటే ఉంటుంది, వేరే ఆకు దొరకదు. ప్రిన్సిపాలమ్మ అడిగిన ఆకే పెట్టలేకపోయాడని సగం పరువైనా పోతుంది. సగమైనా చాలనుకుని బయల్దేరాను.

వెనక తలుపు దగ్గర అక్కే ఎదురొచ్చింది. గుడ్డ మడత తీసి, అలవాటు ప్రకారం చివర ఉన్న ఆకు ఒకటి తీసుకుంది. నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ నలిపింది. వేళ్ళు తుడుచుకుని మూడోసారి చూసింది.

"ఇదేనా ఆ ఆకు?" అంది చాలా నెమ్మదిగా.

"చూశావుగా," అన్నాను. పొరపాటైందని చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

లోపల నుంచి బావ గొంతు వినిపించింది. హాల్లో ముందే వచ్చిన అతిథులెవరితోనో, "మా ఆవిడనా? వంటింట్లో ఉంది, గిన్నెలు లెక్కపెట్టుకుంటూ. ముక్కు లేకపోయినా చేతులున్నాయి కదా!" అంటున్నాడు. నవ్వులు వినిపించాయి. అక్క నలిపిన ఆకును చెత్తబుట్టలో వేసింది. మిగతా ఇరవై నాలుగింటి మీదా గుడ్డ జాగ్రత్తగా కప్పింది.

"లోపలికి రా," అంది.

బావ వంటింట్లోకి వచ్చి నన్ను చూసి, "వచ్చావా మరదలా! కుండీ దాచుకుంటావా బావ దగ్గర?" అని భుజం తట్టాడు. గుడ్డ ఎత్తి ఆకుల రంగు చూశాడు, అంచులు చూశాడు, అక్క వైపు చూశాడు. అక్క పక్కనున్న సూప్ గిన్నె అంచు మీద గరిటెతో తట్టింది.

ఒక్కసారి.

రెండో చప్పుడు కోసం నేను ఎదురుచూశాను. రాలేదు. అక్క గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. నా వైపు చూడలేదు. నా పని ఇంక నా ఒక్కదానిదే కాదని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇరవై నలుగురు కూర్చున్నారు. ఊళ్ళో పేరున్న వంటవాళ్ళంతా ఆ బల్ల చుట్టూనే ఉన్నారు, సగం మందికి నేను ఆకులిచ్చేదాన్నే. ఒక్కొక్కరి ముందూ పొగలు కక్కే పల్చటి సూప్, పక్కన తెల్లటి పళ్ళెంలో ఒకే ఒక్క ఆకు. ఒక్క చెయ్యీ తగలకుండా, నలగకుండా పెట్టించాడు. ఒక్క వంటవాడైనా దాన్ని గిల్లి చూసి ఉంటే అక్కడే బయటపడేది. కానీ తాకే హక్కు అతిథికే కదా. నా నియమాన్ని అతను అంత నిష్ఠగా పాటించడం అప్పుడే చూశాను.

నేను తడిగుడ్డ పట్టుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క నా పక్కన నిలబడింది. బావ బల్ల చివర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళు మూసుకోండి," అన్నాడు. "ఆకును రెండు వేళ్ళ మధ్య నలపండి. ముందు నిమ్మ వస్తుంది. ఆగండి, తొందరపడకండి. ఇప్పుడు మళ్ళీ చూడండి. సోంపు! ఈ ఆకు కోసం నేను ఎన్ని గోడలెక్కానో నా మోకాళ్ళనడగండి."

ఇరవై నలుగురూ నలిపారు. కళ్ళు మూసుకున్నారు. కొందరు రెండోసారి నలిపారు. ఒకాయన పక్కవాడి ఆకు కూడా వాసన చూశాడు. ఒకావిడ మొహమాటానికి "ఆహా" అంది, ఆ తర్వాత ఎవరూ అనకపోయేసరికి నోరు మూసుకుంది. ప్రిన్సిపాలమ్మ ఆకును కళ్ళకెదురుగా పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఆవిడకి డెబ్భై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం క్లాసులో వెనక బెంచీదాకా వినిపించే గొంతు.

"మాస్టారూ, నా ఆకులో వాసన లేదండీ."

బావ నవ్వాడు. పెద్దావిడ కదా, వయసు మీద పడింది అనుకున్నాడు. ఆ జాలి అతని మొహంలో స్పష్టంగా కనబడింది. ఆవిడ దగ్గరికి వెళ్ళి, వంగి, ఆవిడ చేతిలోని ఆకునే తీసుకున్నాడు. వేళ్ళ మధ్య బాగా నలిపాడు. ఫొటోలో ఉన్నట్టే కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చాడు.

"అమ్మా, ఇంతకన్నా ఘాటుగా ఎలా వస్తుందండీ? నిమ్మ గుప్పుమంటోంది!"

అతను కళ్ళు తెరిచేసరికి అందరూ అతన్నే చూస్తున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నలిగిన ఆకు. వాళ్ళంతా వాసనతో బతికేవాళ్ళు, ఏం జరిగిందో వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. బావ మొహం మీది నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు అటూ ఇటూ పరిగెత్తుతున్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఐసు ఫ్యాక్టరీ వెనక పదకొండు గుంటలూ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి.

"నువ్వు చెప్పవే," అన్నాడు అక్క వైపు తిరిగి. "వాసన వస్తోందా, లేదా?"

ప్రిన్సిపాలమ్మ అంది, "ఆవిడకి ముక్కు లేదన్నారు కదండీ మీరు, ఇందాకే."

అక్క నాలుగడుగులు ముందుకు వేసింది. ఆరేళ్ళుగా అబద్ధమాడుతున్నట్టే ఇప్పుడూ 'వస్తోంది' అని ఒక్క మాట అంటే చాలు, బావ పరువు నిలిచిపోయేది. బావ తల ఊపుతున్నాడు, అను, అను అన్నట్టు. అక్క ఒక అతిథి చేతిలోని ఆకు తీసుకుని, ఇంకోసారి నలిపి, వాసన చూసింది.

"ఏ వాసనా రావట్లేదండీ," అంది. గొంతు పెంచలేదు. "మీకు ఆరేళ్ళుగా ఏ వాసనా రావట్లేదు."

బావ మొహం నల్లబడింది. "నువ్వే మార్చావు," అన్నాడు. "నన్ను ముంచాలని నువ్వే మార్చావు! ఈ ఆకులు పొద్దుట్నుంచీ నీ చేతుల్లోనే ఉన్నాయి!" చెయ్యి ఎత్తి అక్కనే చూపిస్తున్నాడు. అందరి కళ్ళూ అక్క మీదికి తిరిగాయి. నేను ఆరడుగుల దూరంలో తడిగుడ్డ పట్టుకుని నిలబడే ఉన్నాను. నేను అతనికి కనిపించనే లేదు. మొక్కలు దోచుకున్నప్పుడు లేను, కార్డు మీద లేను, చివరికి నా పగలో కూడా నేను లేను.

ఒకడుగు ముందుకు వేశాను. అక్క నా వైపు తిరిగి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఎందుకు వద్దంటోందో నాకు తెలుసు. తెలిసి తెలిసి తప్పు ఆకు ఇచ్చిన మనిషికి ఈ ఊళ్ళో ఏ వంటిల్లూ తలుపు తీయదు. ఆ తలుపులన్నింటి యజమానులూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. నేను నోరు మూసుకుంటే నా ఇరవై రెండేళ్ళ పని నాకుంటుంది, తప్పు అక్క నెత్తిన పడుతుంది, బావకి నేను కూలి మనిషిగానే మిగిలిపోతాను.

"ఆ ఆకు తెచ్చింది నేనండీ," అన్నాను.

తలలన్నీ తిరిగాయి. ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరమ్మా నువ్వు?"

"ఆకులు వెతికేదాన్నండీ. పోయినసారి మీరు తిన్న ఆకు కూడా నేను కనిపెట్టిందే, ఐసు ఫ్యాక్టరీ వెనక. అది ఈయన వేళ్ళతో సహా పీకించేశాడు. ఇది వేరే ఆకు."

"రెండింటికీ తేడా నీకు తెలుసా?"

"నలిపితే తెలుస్తుందండీ."

"నలిపావా?"

"నలపక్కర్లేదండీ. ఇది ఎక్కడ మొలుస్తుందో నాకు తెలుసు. తెలిసే కోశాను."

ఆవిడ తన పళ్ళెం పక్కకి జరిపింది. నా దగ్గర ఇరవై ఏళ్ళుగా ఆకులు కొంటున్న ఒక వంటాయన తల పక్కకి తిప్పుకున్నాడు. "ఇంక నీ చేతి ఆకు ఎవరూ ముట్టుకోరు, తెలుసా?" అంది ప్రిన్సిపాలమ్మ. ఆ మాటలో కోపం లేదు.

"తెలుసండీ," అన్నాను.

అక్క వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. బావ అప్పుడు నా వైపు చూశాడు. మరదల్ని చూసినట్టు కాదు, కూలి మనిషిని చూసినట్టు కాదు. నన్నే చూశాడు. అతను తల దించుకునేదాకా నేను కళ్ళు తిప్పలేదు.